రాసుకున్నవా సారూ?

కంప్యూటరు శాస్త్రం నేను చదివిన విషయం కాదు. విశ్వవిద్యాలయంలో నేను అభ్యసించినది తెలుగు సాహిత్యం. ఇక్కడ బోధిస్తున్నదీ అదే. అయినా ప్రోగ్రాములోని సమాచారాన్ని ఫైలులో భద్రపరచి మళ్ళీ వెలికితీసే విద్యను గురించి నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాను. ఆ విద్య తెలియక నేనొకటి పోగొట్టుకొన్నాను. కంప్యూటరు విభాగపు విద్యార్థులు నా పొరపాట్లను మన్నింతురు గాక.

గోదావరిఖని బొగ్గుబావుల్లో వాడుకైన మాటలను సేకరించాలని చాలా కాలంగా నా కోరిక. తట్ట, చెమ్మస్, టబ్బు, ఇంక్లైను, సర్దారు, మస్టరు - తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు ఒకే బాయిలో కాపురం చేయగా కలిగిన సంతానమిది. మస్టరు విలువ తెలియని ఇల్లు ఈ ప్రాంతంలో ఉండదు. భూగర్భంలో పనిచేసేవారికి జీతంతో కూడిన సెలవు దక్కాలంటే ఏడాదికి 190 హాజరులు ఉండాలని 1952 నాటి గనుల చట్టం విధించింది. వ్రాత తప్పితే బ్రతుకు తప్పుతుందని ఎరిగిన జనం మధ్య ఉండి, వ్రాత విషయంలోనే నేను ఏమరుపాటు చెందాను.

డిగ్రీ విద్యార్థి ఒకడు నాకు తోడై జావా భాషలో ప్రోగ్రాము వ్రాశాడు. అందులో ‘పదం’ అనేది ఒక క్లాసు, అంటే అచ్చు. ఆ అచ్చులో పోసిన ఒక్కొక్క మాట ఒక ఆబ్జెక్టు. ప్రతి ఆబ్జెక్టుకు నాలుగు గడులు: మాట, అర్థం, చెప్పినవారు, ఏ బాయి.

మా వీధిలో పదవీ విరమణ పొందిన వృద్ధ కార్మికుడు ఉండేవాడు. ఒక సాయంత్రం ఆయన మా వరండాలో కూర్చొని చెబుతుంటే విద్యార్థి టైపు చేస్తున్నాడు. బాయి పైకప్పును కర్రతో తట్టినప్పుడు గట్టి కప్పు ఒక విధంగా, లోపల పొర విడిన కప్పు డొల్లగా మరొక విధంగా పలుకుతుందట. ఆ రెండవ చప్పుడుకు తమ జట్టులో ఒక పేరుండేదని చెప్పి, ఆ శబ్దాన్ని నోటితో పలికి చూపాడు. “ఆ సప్పుడు ఇంటే తట్ట ఆడనే ఇడిసి ఉరుకుడే. రాసుకున్నవా సారూ?” అన్నాడు. “రాసుకున్న తాతా” అన్నాను.

వ్రాసుకొన్నది ఎక్కడ? కరెంటు ఉన్నంతసేపే బ్రతికే కంప్యూటరు జ్ఞాపకంలో! గాలివానకు వీధి తీగ తెగింది. 2600 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉన్న రామగుండం పక్కనే ఉంటూ దీపం ఆరిపోయిందని ఎవరితో చెప్పుకోను? ఆ సాయంత్రపు మాటలలో ఒక్కటీ మిగలలేదు. మళ్ళీ చెప్పించుకోవచ్చు లెమ్మనుకొన్నాను. రంజాన్ వచ్చింది, పరీక్షలు వచ్చాయి. నేను వెళ్ళేసరికి ఆయన లేడు. తక్కిన మాటలను ఇతరులు చెప్పారు. ఆ చప్పుడు పేరు మాత్రం నాకు గాని, విద్యార్థికి గాని ఎంతకూ జ్ఞప్తికి రాలేదు.

యమామా యుద్ధంలో అనేకమంది హాఫిజ్‌లు అమరులు కాగా, హజ్రత్ ఉమర్ సలహాపై హజ్రత్ అబూబకర్ ఖురాన్‌ను లిఖితరూపంలో సంకలనం చేసే భారాన్ని జైద్ బిన్ సాబిత్‌కు అప్పగించిన వృత్తాంతం చిన్ననాటి నుండి వింటున్నవాణ్ణి. నాకే ఆ తొందర లేకపోయింది.

తరువాత నేర్చుకొన్నాము. ఆబ్జెక్టును విప్పి, అందలి విలువలను వరుసగా పేర్చి డిస్కు మీదికి ఎక్కించడాన్ని సీరియలైజేషన్ అంటారు. జావాలో ఈ సౌకర్యం 1997 నుండి ఉన్నది. కొన్నాళ్ళకు ‘ఏ భాష నుండి వచ్చింది’ అనే ఐదవ గడిని చేర్చగానే పాత ఫైలు తెరుచుకోవడం మానివేసింది. క్లాసు రూపాన్ని బట్టి ఏర్పడిన గుర్తింపు సంఖ్య ఒకటి ఫైలులో ఉంటుందట; అచ్చు మారితే సంఖ్య మారుతుంది. పాత సంఖ్యను కొత్త క్లాసులో మేమే వ్రాసి పెట్టగా మాటలు తిరిగి వచ్చాయి, ఐదవ గడి ఖాళీగా.

మా ప్రోగ్రాము లేనివారు కూడ చదువుకోవాలని మామూలు పాఠంగా వ్రాయిస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైంది. ఆ కంప్యూటరు వాడిన లిపి పట్టికలో తెలుగుకు చోటు లేదు. ప్రశ్నార్థకంగా వ్రాయబడిన అక్షరాన్ని మళ్ళీ రాబట్టడం ఎవరి తరమూ కాదు. పాత ఫైలు ఉండబట్టి బ్రతికిపోయాము. యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పి వ్రాయించిన పిదప చక్కబడింది. ఆ పద్ధతిలో ‘క’కు మూడు బైట్లు, ‘క్ష’కు తొమ్మిది. జావా దానిని తనంత తానుగా పాటించడం 2022లో వచ్చిన 18వ కూర్పుతోనే; మేము వాడినది అంతకు ముందుది.

ఇంకొక మెలిక ఉన్నది. ఫైలులోకి వెళ్ళేవి గడులలోని విలువలే. ఆ ఆబ్జెక్టు ఏమి చేయగలదో చెప్పే మెథడ్లు ప్రోగ్రాములోనే ఉండిపోతాయి. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలు తిరుమలలో రాగిరేకులపై శతాబ్దాలు నిలిచాయి. సాహిత్యమూ, రాగం పేరూ దొరికాయి, స్వరాలు దొరకలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు వాటిని మళ్ళీ స్వరపరచవలసి వచ్చింది. తాత ఆ మాటను నేటికీ నా ఫైలులో ఉంచి పోయినా, ఆయన నోట పలికిన ఆ డొల్ల చప్పుడు అందులో ఉండేది కాదు.

మాట లేని ఆబ్జెక్టును భద్రపరచరాదని మా ప్రోగ్రాములో ఒక నిబంధన ఉండేది. మొన్న విద్యార్థి చేత దానిని తీయించాను. ఇప్పుడు ఒక ఆబ్జెక్టులో అర్థం ఉన్నది, చెప్పినవారి పేరున్నది, బాయి ఉన్నది. మొదటి గడి ఖాళీ. ఈ సంచిక చదివే విద్యార్థుల ఇళ్ళలో పాత బాయి మనుషులుంటే, కర్రతో గోడను తట్టి చూపి ఒకసారి అడగండి.