ధర కన్నా ముందు మర అడగాలి

వదినగారూ, మీ చిన్నబ్బాయి కర్రను తిప్పి చెక్కే లేత్ కొన్నాడట కదా! నిన్న సాయంత్రం ఆ చప్పుడు వినగానే నాకెంత సంతోషమేసిందో. ఏటికొప్పాక లక్కబొమ్మలు చూసొచ్చాక పుట్టిన ముచ్చటా? మంచిదే. అంకుడు కర్ర మెత్తగా ఉంటుంది, చేయి తిరగడానికి బాగుంటుంది.

ఇక కర్రను బిగించి పట్టుకునే చక్కు కావాలి, ఉలులు కావాలి, కర్ర కొసను ఆనించే సెంటర్లు కావాలి అని మొదలెడతాడు. అన్నీ కొత్తవే కొనక్కర్లేదండీ. నేను వాడేవాటిలో సగం పాతవే. బాగా చూసుకున్న ఇనప సామాను ఒక తరంతో పోదు.

కానీ ధర కన్నా ముందు మర అడగమనండి. కొన్ని లేత్‌ల చక్కు ఎక్కించే స్పిండిల్ అంగుళం మందం, అంగుళానికి 8 మరలు. కొన్నిటిది 33 మిల్లీమీటర్లు, మరకీ మరకీ 3.5 మిల్లీమీటర్ల ఎడం. చిన్నవాటికి ముప్పాతిక అంగుళం, 16 మరలు ఉంటాయి. ఒకదాని చక్కు ఇంకొకదానికి పట్టదు. రెండు చుట్లు ఎక్కింది కదా అని బలవంతాన బిగించకూడదు. కర్రతో సహా ఊడి ఎగిరితే ప్రాణం మీదికొస్తుంది. కొన్ని చక్కులకు వెనక మార్చుకునే మరల ఇన్సర్ట్ ఉంటుంది. అలాంటిది దొరికితే వదలొద్దు, రేపు లేత్ మారినా చక్కు పనికొస్తుంది.

చక్కు నాలుగు దవడల మీదా 1 నుంచి 4 దాకా అంకెలు చెక్కి ఉంటాయి. అదే వరసలో గాళ్లలోకి ఎక్కిస్తేనే అవి మధ్యలో కలుస్తాయి. చక్కు తాళంతో పూర్తిగా మూసి, తెరిచి చూడాలి. మధ్యలో ఎక్కడైనా పట్టేస్తే లోపల రంపప్పొట్టు చేరిందో, పళ్లు అరిగాయో. పొట్టయితే విప్పి తుడిస్తే పోతుంది, పళ్లు పోతే మాత్రం వద్దు.



కర్రతో పాటు తిరిగే లైవ్ సెంటర్‌ని వేళ్లతో తిప్పి చెవి దగ్గర పెట్టుకోవాలి. గరగరమంటే బేరింగ్ పోయినట్టే. దాని తోక మోర్స్ టేపర్ కొలతల్లో ఎం.టి.1 సైజో, ఎం.టి.2 సైజో కూడా చూడాలి. తోక మీద లోతు గాట్లు పడితే బిగువుగా కూర్చోదు, జారి తిరుగుతూ లేత్ రంధ్రాన్ని కూడా చెడగొడుతుంది. ఉలి ఆనించే టూల్ రెస్ట్ మీద గాట్లకు భయపడక్కర్లేదు, ఆకురాయితో నున్నగా చేసుకోవచ్చు. పోత ఇనుములో పగులు కనిపిస్తే మాత్రం, వెల్డింగ్ చేశామన్నా సరే, తాకొద్దు.

ఉలుల సంగతా? హై స్పీడ్ స్టీల్‌వైతే పాతవైనా ధైర్యంగా తీసుకోవచ్చు. సాన పట్టేటప్పుడు నీలమెక్కినా దాని పదును పోదు. పాత కార్బన్ స్టీలు నీలమెక్కితే మెత్తబడిపోతుంది. ఉలి పొడవు కూడా చూడాలి, మిగిలిన ఉక్కుకే కదా మనం డబ్బిచ్చేది!

అమ్మేవాళ్లు చేసే పని ఒకటి నాకు అస్సలు నచ్చదండీ. చక్కు ఒకరికి, దాని తాళం పాత ఇనుముకి! తాళం, దవడలు, ఇన్సర్ట్ అన్నీ ఒకే సంచిలో కట్టి, మర కొలత చీటీ మీద రాసి ఇస్తే కొన్నవాడు ఆ రోజే పని మొదలెట్టుకుంటాడు. అమ్మేవాడికీ మంచి ధర పలుకుతుంది.

నా దగ్గర పాత టూల్ రెస్ట్ ఒకటి ఊరికే పడి ఉంది. మీవాణ్ణి లేత్‌లో దాని కాడ దూరే రంధ్రం కొలుచుకుని రమ్మనండి. సరిపోతే పట్టుకుపోవచ్చు, డబ్బులేం వద్దు.