తీసేసిన లైను

దిల్‌సుఖ్‌నగర్‌లో జావా నేర్చుకున్నప్పటి స్పైరల్ నోట్స్ ఇంకా నా దగ్గరుంది. అందులో మ్యాక్స్‌పెర్మ్‌సైజ్ అనే ఆప్షన్ చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టాను, ఇంటర్వ్యూలో అడుగుతారని. అడిగారు కూడా.

ఇప్పుడు నా పని డాక్యుమెంటేషన్. మొన్న ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, మా ఇన్‌స్టాలేషన్ గైడ్‌లోంచి అదే ఆప్షన్ కొట్టేస్తూ కూర్చున్నాను. 2014లో జావా 8 వచ్చినప్పుడే పెర్మ్‌జెన్ అనే ఆ మెమరీ భాగం పోయింది. అయినా ఆప్షన్ ఇస్తే ఓ హెచ్చరిక చూపించి ఊరుకునేది. మేమూ ఊరుకున్నాం. 2021 సెప్టెంబరులో వచ్చిన జావా 17 అలా కాదు, అది కనబడితే అసలు మొదలవదు. మా గైడ్‌ని నమ్మి ఉన్నదున్నట్టు టైప్ చేసిన ఒక కస్టమర్ సర్వర్ రాత్రంతా లేవలేదు. ఆ లైను రాసింది నేనే, స్పైరల్ నోట్స్ చూసి.

మొత్తం ఎనిమిది చోట్ల ఉంది. ఏడు తీసేశాను. ఎనిమిదోది జావా 7 వాడేవాళ్ల పేజీ. వాళ్లకింకా అది కావాలి. పక్కన ‘జావా 7 వరకే’ అని రాసి ఉంచేశాను.

విక్టోరియా మెమోరియల్ స్టేషన్లో దిగాను. కొత్తపేట పండ్ల మార్కెట్‌ని 2021లోనే మూసి బాటసింగారానికి తరలించారు. కింద ఆటో అతను మాత్రం “ఫ్రూట్ మార్కెట్, ఫ్రూట్ మార్కెట్” అని పిలుస్తున్నాడు. ఇద్దరు ఎక్కారు.