సరళవృక్షము క్రింద నొకపూట

ఉద్యానమును గడియారము చూచుకొనుచు చూడవలెనన్న మాట విన్నప్పుడెల్ల నాకు మనసు చివుక్కుమనును. శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్‌గేట్ పార్కునందలి జపాను తేనీటి తోట వాకిట నిలిచి మా అల్లుడు, “మావయ్యగారూ, అరగంటలో చూసేసి గోల్డెన్‌గేట్ వంతెన దగ్గరికి వెళ్దామండీ” అన్నప్పుడు, అతడెంత మర్యాదస్థుడైనను, నేను బదులాడక లోనికి నడచితిని. ఆ తోటను కట్టినవారు తొందరను వాకిటనే ఆపదలచినట్లున్నది. నడుమ నున్న చెక్కవంతెన, నీటిలోని నీడతో కలిసి పూర్ణచంద్రబింబమగునంతగా, నిట్టనిలువున వంగి లేచును. ఎక్కువాడు మెట్టుమెట్టునకు తన పాదమును తాను చూచుకొనక తప్పదు. రాతిపలకల బాటలును అట్టివే.

వంతెన కావల నిచ్చెనపై నిలిచి యొక తోటమాలి సరళవృక్షపు ముదురు సూదులను వ్రేళ్లతో గిల్లుచుండెను. కత్తెర మొలనే యున్నను దానిని ముట్టలేదు. లేతసూదులను నిలిపి, ముదుళ్లను రెండేసి మూడేసిగా తీసి, కొమ్మకును కొమ్మకును నడుమ వెలుతురు దూరునంత సందు చేయుచు, ఒక్క రెమ్మ వద్దనే ఎంతోసేపు నిలిచెను.

1894 నాటి శీతకాల ప్రదర్శనమునకై జార్జి టర్నర్ మార్ష్ ఏర్పరచిన జపాను పల్లెయే ఈ తోటకు మొదలు. పిమ్మట దానిని పెంచి పెద్దచేసినవాడు మకోటో హగివారా. 1925లో అతడు గతించిన పిదపను అతని కుటుంబము తోటలోని యింటనే కాపురముండి దానిని కనిపెట్టుకొనియుండగా, 1942లో జపాను సంతతివారిని నిర్బంధశిబిరములకు తరలించుచు ఆ కుటుంబమును వెడలగొట్టిరి. తోట పేరులోని ‘జపాను’ అను మాటను సైతము తీసివేసిరి. 1952లో పేరు మరలివచ్చెను. వారి మరుగుజ్జు చెట్లు ఒక వైద్యుని యింట పెరిగి, ఆయన భార్య వ్రాసిన వీలునామా వలన 1965లో తోటను చేరెను. ఆ కుటుంబము మాత్రము ఆ యింటికి తిరిగి రాలేదు, ఇల్లే లేదు. చెట్టునకు దొరికిన న్యాయము దానిని పెంచిన చేతులకు దొరకకపోవుట నాకు నేటికిని మింగుడుపడదు.

ఆ చేతులను తలచుచుండగా మా తాతగారి చేతులు కన్నుల నిలిచినవి. గోదావరి లంకలో మా పెరటి విరజాజి పందిరి ఆయన ప్రాణము. పురికొసతో కట్టిన లేతకాడ కోసుకుపోవునని, అరటిబోదె నార చీల్చి, నీట నానవైచి, రెండు చుట్లు వదులుగా చుట్టి, ముడిని తీగవైపు గాక కర్రవైపు వేసెడివారు. నేను తీగను పట్టి పైకి గుంజబోవగా, “లాగకురా అబ్బాయీ, దాని దారిన దాన్ని రానీ” అనెడివారు. మాపటివేళ మొగ్గలు విచ్చుచుండగా పందిరి క్రింద నీళ్లు చిలికి, కుక్కిమంచము వేయించుకొని, ఆ వాసనలోనే నిదురించెడివారు.

ఆయన పోయిన కొన్నేండ్లకు ఇల్లు చేతులు మారినది. కొన్నవారు కారు నిలుపుకొనుటకై పందిరి పడగొట్టిరి. నేను పోయి చూచునప్పటికి పాత వాసమొకటి గోడవార పడియుండెను. దానికి ఎండిన నార యింకను చుట్టుకొనియే యున్నది. త్రిప్పి చూచితిని. ముడి కర్రవైపుననే యుండెను.