ముందు ఎత్తు... తర్వాతే అలైన్‌మెంట్! జగిత్యాల టు సిరిసిల్ల

ఏప్రిల్, మే నెలల్లో జగిత్యాల పక్కనున్న చల్‌గల్ మామిడి మార్కెట్‌కి ఓసారి వెళ్లి చూడండి. కాయల కన్నా ముందు బండ్లే కనపడతాయి. ఢిల్లీ, నాగ్‌పూర్ పోయే లారీలు ఓ పక్క, తోటల నుంచి కాయ తెచ్చే పికప్‌లు ఇంకో పక్క. అందరూ కాయ సైజు చూస్తుంటే నేను బండ్ల ముందు టైర్లు చూస్తూ తిరిగాను. కారణం మా కాక.

కాక ఇల్లు గడిచేది ఓ సెకండ్ హ్యాండ్ పికప్ మీద. ముందు భాగం కిందికి కూర్చుందని ఒక షెడ్డులో ఎత్తు పెంచించి, రెండు కొత్త టైర్లు కూడా వేయించాడు. రెండు నెలలు కాలేదు, రెండింటికీ బయటి అంచు కత్తితో చెక్కినట్టు అరిగిపోయింది. మధ్యలో గీతలు మాత్రం కొత్తవాటిలాగే ఉన్నాయి.

"మంచి టైర్లే ఏసిన బిడ్డా. గిట్లెందుకైతాంది? నువ్వు ఇంజినీరువు గదా, సూడు" అన్నాడు. నేను రాసేది మొబైల్ యాప్‌ల కోడ్. కానీ ఊళ్లో ఇంజినీరంటే ఇంజినీరే, మిక్సీ నుంచి ట్రాక్టర్ దాకా అన్నీ మన ఖాతాలోనే!

కోరుట్లలో తెలిసిన మెకానిక్ ఉన్నాడు. అక్కడే మక్కల లోడు ఎత్తుకొని సిరిసిల్ల పోవాలి. కాకతో పాటు నేనూ ఎక్కాను. జగిత్యాలలో చూడాల్సింది నక్షత్రం ఆకారంలో ఉండే కోట. 1747లో ఫ్రెంచ్ ఇంజినీర్లు కట్టారంటారు. ఈసారి దాన్ని పలకరించే టైమ్ లేదు. 63వ నంబరు జాతీయ రహదారి మీద కోరుట్ల సుమారు పాతిక కిలోమీటర్లు. పసుపు తవ్వేసిన చేన్లు, మధ్యలో మామిడి తోటలు. బండి తిన్నగా పోవాలంటే కాక స్టీరింగ్‌ని కాస్త కుడికి పట్టి ఉంచాల్సి వస్తోంది. "ఎడమకు గుంజుతాంది" అన్నాడు. రోడ్డు ఎడమకు వాలుగా ఉంటుంది కాబట్టి కొంచెం గుంజడం మామూలే. ఇది కొంచెం కాదు.

కోరుట్ల మెకానిక్ టైర్ల వైపు ఒక్క చూపు చూసి వదిలేశాడు. ఖాళీ బండిని సమతలంగా ఉన్న గచ్చు మీద నిలబెట్టించి, నాలుగు టైర్లలో గాలి సరిచేసి, టేపు తీశాడు. చక్రం నడిమి నుంచి పైనున్న మడ్‌గార్డ్ అంచు దాకా కొలత. కుడికీ ఎడమకీ దాదాపు రెండు సెంటీమీటర్ల తేడా!

ఈ పికప్‌కి ముందు కమాన్ పట్టీలు ఉండవు. టోర్షన్ బార్ అనే పొడవాటి ఉక్కు కడ్డీ ఉంటుంది. అది మెలి తిరిగి బరువు మోస్తుంది. చివర్లో ఉండే బోల్టు బిగిస్తే ముందు భాగం లేస్తుంది. పది నిమిషాల పని. అసలు తిరకాసు ఇక్కడే. బండి లేచినప్పుడు చక్రాన్ని పట్టుకున్న పై ఆర్మూ, కింది ఆర్మూ కోణం మారతాయి. చక్రం నిటారుగా ఉండకుండా పైభాగం బయటికి వాలుతుంది. టై రాడ్ కూడా వాలిపోయి, బండిని బట్టి చక్రాల ముందు వైపుని లోపలికో బయటికో తిప్పేస్తుంది. కాక బండిలో వాలడం, లోపలికి తిరగడం రెండూ కలిశాయి. అందుకే బయటి అంచు పోయింది.

ఫోన్‌లో లెక్క వేశాను. చక్రం అర డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే, కిలోమీటరుకు దాదాపు 8.7 మీటర్లు అడ్డంగా రాసుకుంటూ పోతుంది. అంటే జగిత్యాల నుంచి కోరుట్ల వచ్చేలోపు రెండొందల మీటర్ల పైనే! రోజూ తిరిగే బండికి రెండు నెలల్లో ఎంతవుతుందో మీరే వేసుకోండి.

మెకానిక్ బోల్టులు వదులు చేసి, రెండు వైపులా కంపెనీ చెప్పిన ఎత్తుకు తెచ్చాడు. అంతటితో ఆగలేదు. బజార్ దాకా ఓ రౌండ్ కొట్టించాడు. జాకీ దించగానే కొలిస్తే స్ప్రింగు సరిగ్గా కూర్చోదట. తిరిగొచ్చాక మళ్లీ టేపు. ఆ తర్వాతే అలైన్‌మెంట్ మిషన్ మీదికి.

"అప్పుడు గూడ అలైన్‌మెంట్ చేయించిన గదనే" అన్నాడు కాక.

"చేయించినవ్ కాకా. ఎత్తు లేపక ముందా, లేపినంకనా?"

కాక జవాబు చెప్పలేదు.

లోడుతో కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ దారి పట్టాం. స్టీరింగ్ మీద రెండు వేళ్లు చాలుతున్నాయి. కాక ఈల వేయడం చాలా రోజుల తర్వాత విన్నాను.

సిరిసిల్లలో ఏ సందులోకి వెళ్లినా మరమగ్గాల టకటకే. బతుకమ్మ చీరల ఆర్డర్లు 2017 నుంచి ఈ ఊరికి వచ్చాయి. నన్ను ఆపేసింది మాత్రం రోడ్డు పక్కన ఓ లారీ. పెద్దాయన ఒకాయన వెనక టైరు నుంచి ముందు టైరు దాకా దారం లాగి కట్టి, ఒక కన్ను మూసి చూస్తున్నాడు. మిషన్లు రాకముందు అలైన్‌మెంట్ ఇట్లాగే చూసేవాళ్లట. దారానికి ఈ ఊళ్లో కొదవేముంది! ఈ లారీకి ముందు రెండు చక్రాలూ ఒకే ఇనుప దూలానికి ఉంటాయి. కమాన్‌కి పట్టీ కలిపి ఎత్తు పెంచినా చక్రం వాలు మారదు. కానీ స్టీరింగ్ నుంచి చక్రానికి పోయే డ్రాగ్ లింక్ కోణం మారుతుంది. స్టీరింగ్ నడిమిన ఉండదు, గుంతలో పడ్డప్పుడల్లా చేతిని గుంజుతుంది. "అందుకే పట్టీ కలిపినంక దారం గట్టాలె" అన్నాడాయన, నా వైపు చూడకుండానే.

పోయిన రబ్బరు మాత్రం తిరిగి రాదు. టైర్లను రిమ్ము మీద తిరగేసి, అరిగిన అంచు లోపలికి వచ్చేలా వేసుకుంటే ఈ మామిడి సీజన్ గట్టెక్కొచ్చని కోరుట్ల మెకానిక్ చెప్పాడు. లోపలి దారాలు బయటపడితే మాత్రం ఒక్క రోజు కూడా తిప్పొద్దన్నాడు. బస్తాలు దించగానే కాక టార్చ్ వేసి రెండు టైర్లనూ వేలితో తడిమి చూసుకున్నాడు. దారాలు ఇంకా కనపడలేదు. తెల్లారి నాలుగింటికి చల్‌గల్ లైన్లో ఉండాలి.