మా పెరటిలో వసంతకాలము

వసంతకాలమనగా కవులకు మామిడిచిగుళ్లును కోకిలలును జ్ఞప్తికి వచ్చును. మావంటి ఉపాధ్యాయులకు ప్రశ్నపత్రములును, విద్యార్థులకు మేలుకొనవలసిన రాత్రులును జ్ఞప్తికి వచ్చును. అయినను దేవుడు ఫాల్గుణ చైత్రమాసములను పరీక్షలకొఱకు మాత్రమే సృజింపలేదు. ఆ దినములలో మా పెరటియందు జరుగు పనులను కొన్నింటిని మన పాఠశాల పిల్లలకును వారి తలిదండ్రులకును తెలుపగోరి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా యిల్లు అమీరుపేటకును పంజాగుట్టకును నడుమ ఒక సందులో నున్నది. పంజా యనగా ఉర్దూలో అరచేయి. గుట్ట మన తెలుగుమాట. రెండు భాషలు చేయి కలిపిన ఈ పేరు మన నగరమునకు తగియున్నది. 2017 నవంబరులో అమీరుపేటకును, 2018 సెప్టెంబరులో పంజాగుట్టకును మెట్రోరైలు వచ్చెను. మా యింటికి ఇరుప్రక్కల అయిదంతస్తుల భవనములు లేచినవి. వాని నడుమ మా తండ్రిగారు కట్టించిన పెంకుటిల్లును, దాని వెనుక చిన్న పెరడును ఇంకను మిగిలియున్నవి.

ఇచ్చటి నేల ఎఱ్ఱని చెలక. మూరెడు త్రవ్వినచో బండ తగులును. కావున మట్టిని మేమే చేసికొనవలసివచ్చినది. రాలిన ఆకులు, కూరల తొక్కలు, గొఱ్ఱెల ఎరువు ఒక గుంటలో వేసి మ్రగ్గనిచ్చి పాదులకు వేయుదుము. చలి తగ్గగానే బెండయు బీరయు విత్తుదుము. మార్చి వచ్చుసరికి కొత్తిమీర ఎండకు తాళలేక పూతకు వచ్చును. తోటకూరయు గోంగూరయు మాత్రము ఎండను లెక్కసేయవు. వేప పూయును; మల్లె మొగ్గతొడుగును. అప్పటికి బోరునీరు సన్నగిల్లును. నల్లానీరు త్రాగుటకే చాలదు గనుక బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు చెంబుతో లెక్కించి మొక్కలకు పోయుట మా పిల్లల పని.

కోళ్లు మాకు ఆఱు కలవు. ఫిబ్రవరిలో ఒక నాటుకోడి పొదుగునకు కూర్చుండగా పదకొండు గ్రుడ్లు పెట్టితిమి. ఏడవనాటి రాత్రి గ్రుడ్డును దీపమున కడ్డముగా పట్టి చూచినచో లోపల సాలెగూడువంటి ఎఱ్ఱని నరములు కనబడును, కనబడనిది వట్టిగ్రుడ్డు. అట్టివి రెండు తీసివేసితిమి. ఇరువది యొకటవ దినమున తొమ్మిది పిల్లలు వెలువడినవి. కొక్కెర తెగులు తగులకుండ ఏడవనాడు ఒక్కొక్క పిల్ల కంటిలో లసోటా టీకాచుక్క వేయించితిమి. పిల్లి గోడపై కనబడగానే తల్లి ఒక విధమగు కూత కూయును. తొమ్మిది పిల్లలును క్షణములో దాని రెక్కల క్రింద మాయమగును. మన ప్రభువు యెరూషలేమును గూర్చి దుఃఖించునపుడు తన్ను కోడితో ఏల పోల్చుకొనెనో ఆ దృశ్యము చూచినవారికి వేఱుగ బోధింప నక్కఱలేదు.

ఇక గొఱ్ఱెలు. మా మామగారు మెదకు ప్రాంతమునుండి తెచ్చి యిచ్చిన రెండు నల్లగొఱ్ఱెలు మావద్ద నున్నవి. ఇవి దక్కనీ జాతివి, ఉన్ని నిచ్చునవి. నెల్లూరు జాతి గొఱ్ఱె ఎత్తరియే గాని దానికి ఉన్ని లేదు. ఎఱ్ఱగడ్డ రైతుబజారులో పాఱవేయు కోసుపూల ఆకులు తెచ్చి, ఎండుగడ్డితో కలిపి మేపుదుము. పచ్చిది మితిమీరినచో కడుపుబ్బరము పుట్టును.

మార్చి నెలలో ఒకనాటి రాత్రి చిన్నగొఱ్ఱె తొలిచూలు ఈనెను. పిల్ల లేచి నిలువలేకపోయెను. పుట్టిన కొన్ని గంటలలో ముఱ్ఱుపాలు త్రాగనిచో గొఱ్ఱెపిల్ల బ్రదుకుట కష్టము. మా పెద్దమ్మాయికి మఱునాడే పదవతరగతి గణితపరీక్ష. అయినను అది పిల్లను గోనెతో తుడిచి, ఒడిలో నుంచుకొని, తల్లి పాలు గిన్నెలోనికి పిండించి, దూదివత్తితో బొట్టుబొట్టుగా నోట పెట్టెను. రెండవచేత లెక్కల పుస్తకముండెను. తెల్లవారుజామున పిల్ల నాలుగుకాళ్లపై నిలిచి తనంతట పాలు చీకెను. అమ్మాయి స్నానము చేసి పరీక్షకు పోయెను.

ఏటికి రెండుమారులు ఉన్ని కత్తిరింతురు. ఎండలు ముదురకమునుపే ఒక కురుమ పెద్ద వచ్చి, గొఱ్ఱెలను కడిగి ఆరనిచ్చి, కత్తెరతో ఒడలికి గాటు పడకుండ కత్తిరించెను. ఆయన మాకు చెప్పిన సంగతి విచారకరము: ఇప్పుడు ఉన్ని అమ్మిన వచ్చు సొమ్ము కత్తిరింపుకూలికి చాలదు. మిల్లుకంబళ్లు చౌకయైనవి; జనులు మాంసముకొఱకే మందలను పెంచుచున్నారు. నూలు వడకుట, పడుగునకు చింతగింజల గంజి పెట్టుట, మగ్గముపై గొంగడి నేయుట ఎఱిగిన చేతులు తగ్గిపోవుచున్నవి. మా తల్లిగారు ఆ ఉన్నిని అమ్మనీయక, ఏటేట దాచి, ఒక గొంగడి నేయింపుమని కోరినారు. ఇంకొక ఏటి ఉన్ని చేరినచో అది పూర్తియగును.

ఆ ఏడు దొరకునో లేదో చెప్పజాలము. మా స్థలమున భవనము కట్టెదనని ఒకరు అడుగుచున్నారు. అన్నదమ్ములము ముగ్గురము, ఇద్దఱు అన్నలకును పిల్లల చదువులును వివాహములును కలవు. వారు తమ భాగము కోరుట న్యాయమే గాని దురాశ కాదు. ఇదే పంజాగుట్టపై 1870 ప్రాంతమున కట్టిన ఇఱ్ఱంమంజిలు ప్రాసాదమును కూల్పకుండ నిలుపుటకు 2019లో హైకోర్టు తీర్పు కావలసివచ్చినది. మా పెంకుటింటికి అట్టి తీర్పు రాదు. అది మా మనస్సులలోనే తీరవలెను. మా తల్లిగారు జీవించియుండునంతకాలము ఇల్లు కదల్పరాదని ఈ ఈస్టరునాడు ముగ్గురమును ఒప్పుకొంటిమి. ఆ తరువాత పెరడు నిలుచునని మేము ఆశపెట్టుకొనలేదు.

ప్రక్క భవనమువారు గొఱ్ఱెల వాసన గూర్చి ఫిర్యాదు వ్రాసిరి. అందుపై దినమునకు రెండుమారులు ఊడ్చి సున్నము చల్లుచున్నాము. ఆ ఫిర్యాదు వ్రాసిన యింటి పిల్లలే సాయంకాలము మా గోడయొద్ద నిలిచి గొఱ్ఱెపిల్లకు పేరు పెట్టమని అడుగుచున్నారు.

ప్రియ విద్యార్థులారా, మీలో అనేకులకు పెరడు లేదు. మాకును ఎంతకాలముండునో తెలియదు. అయినను ఒక కుండలో గోంగూర విత్తుటకు మేడమీద చోటు చాలును. ఒక ప్రాణిని వేళకు మేపి, దాని ఆకలిని తన ఆకలికి ముందుగా తలంచుట నేర్చినవాడు ఏ యింట నున్నను, ఏ అంతస్తున నున్నను, మంచి కాపరి యగును. రాబోవు వానలకు ముందు మా కోడిపిల్లలలో నాలుగింటిని అడిగినవారి కిచ్చెదము. పెంచగల చోటును, తలిదండ్రుల అనుమతియు గలవారు మమ్ము కలిసికొనవచ్చును.