ఒంటరి మేఘమూ, తోడు వచ్చిన మిత్రుడూ

డాఫొడిల్ అంటే ఎలా ఉంటుందో మా ఇంగ్లీషు మాష్టారికి తెలియదు. అది ఆయన తప్పు కాదు. ప్రకాశం జిల్లాలోని ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో ఆ పువ్వును చూపించగల నాథుడెవరు? "అదొక రకం పసుపుపచ్చని సీమపువ్వు, అంతవరకు తెలిస్తే చాలు" అని చెప్పి, సారాంశం తప్పక పరీక్షలో వస్తుందని హెచ్చరించి, ఆయన పాఠం ముగించారు. నేను మాత్రం మా చెరువుకట్ట మీద విరగబూసే తంగేడును తెచ్చి ఆ పద్యంలో నాటుకున్నాను. వర్డ్స్‌వర్త్ మహాకవి చాలా ఏళ్ళపాటు నా ఊహలో తంగేడు పొదల మధ్యనే తిరిగాడు.

కాలాంతరంలో ఉద్యోగరీత్యా ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ చేరాను. మూడేళ్ళు గడిచినా ఆయన ఊరు చూడనేలేదు. చివరికి 2009 ఏప్రిల్ 18, శనివారం నాడు, ఒక మిత్రుణ్ణి వెంటబెట్టుకుని బయలుదేరాను. ఆ మిత్రుడి పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకో చివరన మీకే తెలుస్తుంది. ఇద్దరం ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. అతనికి కవిత్వంతో ఏ సంబంధమూ లేదు. వంట అద్భుతంగా చేస్తాడు, లెక్కలు తప్పడు, పిలిస్తే కాదనడు. ప్రయాణానికి ఇంతకన్నా యోగ్యుడైన తోడు దొరకడు. తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి, వాళ్ళమ్మ ఊరి నుంచి పంపిన స్టీలు డబ్బాలో సర్దుకుని మరీ వచ్చాడు.

మా పథకం ఇది. బర్మింగ్‌హామ్‌లో రైలెక్కి ఆక్సెన్‌హోమ్ అనే స్టేషనులో దిగాలి. అక్కడ చిన్న రైలు పట్టుకుని విండర్మియర్, ఆపై బస్సులో గ్రాస్మియర్ చేరి, కవిగారి ఇల్లు చూసి, రాత్రికి ఆంబుల్‌సైడ్‌లో ముందే డబ్బు కట్టిన వసతిగృహంలో పడుకోవాలి. నేను కాగితం మీద నిమిషాలతో సహా రాసుకున్నాను.

"ఆ స్టేషను పేరులో లేక్ డిస్ట్రిక్ట్ అని ఉంటుందిరా. లేక్ అన్న మాట వినబడగానే దిగిపోవడమే" అన్నాను ధీమాగా. తెల్లవారుజామున లేచిన ఫలితంగా, రైలు కదిలిన గంటన్నరకు ఇద్దరం నిద్రపోయాము. లేక్ అన్న మాట చెవిన పడి త్రుళ్ళిపడి లేచి, సంచులు లాక్కుని దిగిపోయాము. రైలు వెళ్ళిపోయిన తరువాత బోర్డు చూస్తే, పెన్రిత్ నార్త్ లేక్స్ అని ఉంది. రెండు స్టేషన్ల పేర్లలోనూ సరస్సులున్నాయి. మనది మొదటిది, అది ఎప్పుడో దాటిపోయింది.

ఇందులో కవిగారి శాపం కూడా కొంత ఉండవచ్చు. 1844లో ఆ ప్రాంతానికి రైలు వేస్తామన్నప్పుడు వర్డ్స్‌వర్త్ ససేమిరా వద్దని పత్రికకు లేఖలు రాశాడు, ఒక సానెట్టు కూడా రాశాడు. అయినా 1847లో విండర్మియర్ దాకా రైలు వచ్చింది. అక్కడితో ఆగిపోయింది, ఆయన గ్రాస్మియర్‌కు నేటికీ రైలు లేదు.

వెనక్కి వెళ్ళే రైలుకు ఇంకా చాలా వ్యవధి ఉంది. స్టేషను ఎదుటనే పాడుబడిన ఒక కోట. దాని గోడల దగ్గర నిలబడి నేను రైళ్ళవారిని, నిద్రను, విధిని వరుసగా తిట్టుకుంటూ ఉండగా, మిత్రుడు తాపీగా బస్సుల పట్టిక చదివి వచ్చాడు. "ఇక్కడి నుంచి 108 నంబరు బస్సు ఒకటుంది. ఏదో అల్స్‌వాటర్ అట" అన్నాడు. 2005 నుంచీ మన రాష్ట్రంలో 108 అంటే అంబులెన్సే. మా పరిస్థితికి తగిన నంబరే వచ్చిందని ఇద్దరం నవ్వుకున్నాము. ఆ నవ్వు మధ్యలోనే నాకు చటుక్కున గుర్తుకు వచ్చింది: వర్డ్స్‌వర్త్ ఆ పూలను చూసింది గ్రాస్మియర్‌లో కాదు, అల్స్‌వాటర్ ఒడ్డునే!

ఇది పుస్తకంలో చదివిన సంగతే. 1802 ఏప్రిల్ 15న కవి, అతని చెల్లెలు డొరొతీ, సరస్సు ఒడ్డున ఉన్న మిత్రుల ఇంటి నుంచి కాలినడకన గ్రాస్మియర్‌కు తిరిగి వస్తున్నారు. తీవ్రమైన గాలి. గోబరో పార్కు దాటిన తరువాత, గ్లెన్‌కాయిన్ దగ్గర, నీటి అంచున ఆ పూలు కనిపించాయి. డొరొతీ తన దినచర్యలో ఆ దృశ్యాన్ని, ఆ గాలిని, పూలు తలలు వాల్చిన తీరును, వచనంలోనే వివరంగా రాసుకుంది. అన్నగారు పద్యం రాసింది సుమారు రెండేళ్ళ తరువాత, 1804లో. అచ్చయింది 1807లో. అందులో మనసు కన్నును గురించిన రెండు పంక్తులు తన భార్య మేరీవని ఆయనే చెప్పుకున్నాడు కూడా.

బస్సు డ్రైవరును గ్లెన్‌కాయిన్ దగ్గర దింపమని అడిగాను. ఆయన మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "పూల కోసమా? కాస్త ఆలస్యంగా వచ్చారే" అన్నాడు. అన్నాడే గాని, సరిగ్గా అక్కడే దింపి, వేలితో చూపించి మరీ వెళ్ళాడు.

అల్స్‌వాటర్ దాదాపు పన్నెండు కిలోమీటర్ల పొడవున కొండల మధ్య మెలికలు తిరిగిన సరస్సు. రోడ్డుకూ నీటికీ మధ్య కొంత గడ్డినేల, దాని మీద ఓక్ చెట్లు. ఆ చెట్ల కింద ఉన్నాయి అవి. పదివేలు కావు. వందల్లోనే ఉన్నాయి, అందులో సగం వాడిపోయాయి. అంగళ్ళలో అమ్మే డాఫొడిల్స్ వంటి నిండు పసుపు పూలు కావు, అడవి జాతివి. జానెడు ఎత్తు. చుట్టూ వెలిసిన పసుపు రంగు రేకులు, నడుమ ముదురు పసుపు గొట్టం, పాతకాలపు గ్రామఫోను బాకాలాగా. తంగేడుతో వీటికి ఏ పోలికా లేదు. ఇరవై ఏళ్ళుగా నా లోపల ఉన్న తోట ఆ క్షణాన వాడిపోతుందేమోనని భయపడ్డాను. అలా జరగలేదు. తంగేడు ఎక్కడిదక్కడే ఉంది, దాని పక్కన ఇవీ చేరాయి.

గడ్డి మీద కూర్చుని పులిహోర తిన్నాము. నేను మిత్రుడికి పద్యం కథంతా చెప్పాను. డొరొతీ దినచర్య గురించి, ఆ రోజు వారిద్దరి నడక గురించి, మన భావకవులకు ఈ ఆంగ్ల కవులంటే ఉన్న ప్రీతి గురించి. అతను శ్రద్ధగా విన్నాడు. విని, వేళ్ళకంటిన పసుపు తుడుచుకుంటూ, ఒకే ఒక ప్రశ్న వేశాడు.

"మరి పద్యంలో ఒంటరిగా తిరిగానన్నాడని మనకు బళ్ళో చెప్పారు కదరా. చెల్లెలు పక్కనే ఉంటే ఒంటరి ఎలా అవుతాడు?"

కవిత్వంలో ఏకాంతానికి ఉన్న స్థానం గురించి, అనుభవానికీ రచనకూ మధ్య ఉండే దూరం గురించి నేను చిన్న ఉపన్యాసం ఇచ్చాను. అతను "ఊఁ" అన్నాడు. ఆ ఊఁకారంలో అంగీకారం లేదని తెలుస్తూనే ఉంది.

మూడు గంటలు దాటాక తిరుగు బస్సు కోసం రోడ్డెక్కాము. పెన్రిత్ వెళ్ళి, అక్కడ కెజిక్ బస్సు పట్టుకుని, అక్కడి నుంచి 555లో ఆంబుల్‌సైడ్ చేరడం మా కొత్త పథకం. బస్సు రాలేదు. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. మిత్రుడు నా చేతిలోని కాగితం తీసుకుని చూసి, మెల్లగా, "నువ్వు చూసింది సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉండే వరుస. ఈరోజు శనివారం" అన్నాడు. తరువాతి బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. ఇద్దరికీ కలిపి ఒకటే గొడుగు. ఫోనులో సిగ్నలు లేదు.

ఇక నేను మొదలుపెట్టాను. వసతిగృహానికి కట్టిన డబ్బు పోయిందని, గ్రాస్మియర్ దక్కకుండా పోయిందని, ఈ దేశంలో శనివారానికొక పట్టిక, ఆదివారానికొక పట్టిక ఎందుకని, నోటికి వచ్చినదల్లా అన్నాను. అతను గొడుగును నా వైపే ఎక్కువగా వంచి పట్టుకుని నిలబడ్డాడు. కొంతసేపటికి, రోడ్డు వైపే చూస్తూ, "నాకు ఈ నెలాఖరుతో అయిపోయిందిరా. ఉద్యోగం తీసేశారు. వీసా కూడా దాంతోనే ముడిపడి ఉంది కదా. మే నెలలో ఇండియా వెళ్ళిపోతున్నాను" అన్నాడు.

2008 చివరి నుంచీ మా చుట్టుపక్కల ఉద్యోగాలు పోతూనే ఉన్నాయి. మన ఇంటి దాకా రాదని ఎందుకనుకున్నానో తెలియదు. "ఎప్పుడు తెలిసింది?" అని అడిగాను.

"రెండు వారాలైంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఈ ప్రయాణం మానేస్తావు. మూడేళ్ళుగా వెళ్ళాలి, వెళ్ళాలి అంటున్నావుగా."

ఇంటి మీద అప్పు ఉన్న సంగతి నాకు తెలుసు. చెల్లెలి పెళ్ళికి ముహూర్తం పెట్టుకున్న సంగతీ తెలుసు. ఆ రెండు వారాలూ అతను రోజూ పొద్దున్నే ఎప్పటిలాగే తయారై బయటికి వెళ్ళేవాడు, సాయంత్రం ఎప్పటిలాగే వచ్చి వంట చేసేవాడు. ఒకే కప్పు కింద ఉండి నేను గమనించలేదు. ఏమి అనాలో తోచక, "గొడుగు నీ వైపు పెట్టుకో, తడుస్తున్నావు" అన్నాను. అతను నవ్వాడు.

"ఒక మాట చెప్పనా? కోపం తెచ్చుకోకు. యార్కు వెళ్ళివచ్చి నువ్వు రాసింది చదివాను. నేను వెళ్ళాను, నేను చూశాను, గోడ మీద నేనొక్కణ్ణే నిలబడి సూర్యాస్తమయం చూశాను అని రాశావు. ఆ గోడ మీద నేను కూడా ఉన్నాను కదరా! నీకు టీ తెచ్చింది నేనే. ఆ చెల్లెలి గతే నాకూ పట్టింది."

హాస్యానికే అన్నాడు. కానీ వానలో, రోడ్డు పక్కన, ఆ మాటకు నా దగ్గర ఉపన్యాసం లేదు. ఏకాంతమని నేను ముద్దుగా పిలుచుకున్నదాని కింద ఒకరి చేతి వంట, ఒకరి గొడుగు, ఒకరి ఓపిక ఉన్నాయి. అవి పక్కన ఉండబట్టే నేను ఒంటరితనాన్ని తీరిగ్గా వర్ణించుకోగలిగాను. డొరొతీ దినచర్య పుస్తకంగా అచ్చయ్యేసరికి ఆమె పోయి చాలాకాలమైంది. మా వాడు ఎదురుగానే ఉండి అడిగాడు. అదే నా అదృష్టం.

బస్సు కంటే ముందు ఒక పాత కారు ఆగింది. నడుపుతున్న పెద్దావిడ అద్దం దించి, పెన్రిత్ దాకా తీసుకుపోతానంది. వెనక సీటులో గొర్రెల కాపలా కుక్క ఒకటి, అదీ మాలాగే తడిసి ఉంది. మిత్రుడు దాని పక్కన సర్దుకున్నాడు. దిగేముందు ఆవిడ చేతికి కెమెరా ఇచ్చి, మా ఇద్దరికీ కలిపి ఒక ఫొటో తీయమని అడిగాను. అంతవరకూ కెమెరాలో ఉన్నవన్నీ అతను తీసిన నా ఫొటోలే.

కెజిక్ బస్సు వెళ్ళిపోయింది. ఆ రాత్రి పెన్రిత్‌లోనే ఒక ఇంటి మేడగదిలో తలదాచుకున్నాము. కవిగారి తల్లి పుట్టినిల్లు ఆ ఊరేనని చెబితే, "అయితే అమ్మమ్మగారి ఊరికి వచ్చామన్నమాట" అన్నాడు. తెల్లవార్లూ మాట్లాడుకున్నాము. అప్పు ఎంత, నెలకు ఎంత కట్టాలి, నా దగ్గర ఎంత సర్దగలను, హైదరాబాదులో ఎవరిని అడగవచ్చు. కాగితం తీసి లెక్కలు వేశాడు. ఈసారి నిమిషాలతో సహా రాసుకున్నది అతనే.

ఆదివారం కెజిక్ మీదుగా గ్రాస్మియర్ చేరనే చేరాము. వర్డ్స్‌వర్త్ 1799 డిసెంబరు నుంచి 1808 వరకు కాపురమున్న డవ్ కాటేజీ ఒకప్పటి సత్రం. గదులు చిన్నవి, చీకటివి. మేడ మీద ఒక గదిలో చలికి తట్టుకోవడానికి డొరొతీ గోడలకు వార్తాపత్రికలు అతికించిందట. ఇప్పటికీ ఆ గది గోడల నిండా పత్రికలే. మా వాడు అక్కడే ఎక్కువసేపు నిలబడ్డాడు. "ఇల్లు నడిపింది ఈవిడన్నమాట" అన్నాడు. సెయింట్ ఆస్వాల్డ్ చర్చి ఆవరణలో కవి, భార్య, చెల్లెలు దగ్గర దగ్గరగానే ఉన్నారు. పక్కనే 1854 నుంచి నడుస్తున్న అల్లం రొట్టెల దుకాణంలో ఒక పొట్లం కొని, బస్సులో తింటూ తిరిగి వచ్చాము. రైలులో మాత్రం ఇద్దరం నిద్రపోలేదు.

మే నెలలో అతను వెళ్ళిపోయాడు. మొదటి సంవత్సరం కష్టంగా గడిచింది. తరువాత కుదురుకున్నాడు. చెల్లెలి పెళ్ళి జరిగింది, అప్పు తీరింది. ఈ వ్యాసం రాస్తున్నానని మొన్న ఫోనులో చెప్పి, ఈసారి నీ పేరు మొదటి వాక్యంలోనే పెడతానన్నాను. "పేరు వద్దులే, మనిషిని ఉంచు చాలు" అన్నాడు. అందుకే పేరు లేదు.

పెద్దావిడ తీసిన ఫొటో నా దగ్గర ఉంది. కొంచెం కదిలింది, మా మొహాలు సరిగా తెలియవు. గొడుగు మాత్రం స్పష్టంగా ఉంది. స్టీలు డబ్బా ఆ కారులోనే మరచిపోయాము. వాళ్ళమ్మగారు ఇప్పటికీ దాని గురించి అడుగుతూనే ఉంటారట.