రెండు తీగలు

మా నాన్న భిలాయి ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపేవారు. శ్రీకాకుళం జిల్లా నుంచి పని కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. సోవియట్ యూనియన్ సహాయంతో కట్టిన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అలాంటి కొలుముల దగ్గర బతికిన మనిషికి ఎండ ఒక లెక్కా! కాని నిరుడు మే నెలలో, డెబ్భై తొమ్మిదేళ్ళ వయసులో, నాన్నకు వడదెబ్బ తగిలింది. కోలుకోగానే మళ్ళీ వెనక గదిలోకే వెళ్ళారు. “ఈ గది చల్లగానే ఉందిరా” అని ఒకటే పట్టు.

నేను పదో తరగతిలో చదువు ఆపి, నలభై దాటాక మళ్ళీ పుస్తకం పట్టినవాణ్ణి. ఎలక్ట్రానిక్స్ నేర్చుకుంటున్నాను. వాదించడం కన్నా కొలిచి చూపడం మేలనుకున్నాను.

ఒక మైక్రోకంట్రోలర్ బోర్డును రెండు గదుల మధ్య గోడకు బిగించాను. ఉష్ణోగ్రతను, గాలి పీడనాన్ని కొలిచే బి.ఎం.పి.280 సెన్సారును గదికొకటి పెట్టాను. ముందు గదిలో తేమను కొలిచే ఎస్.హెచ్.టి.31 కూడా ఉంచాను. కరెంటు తీగలు కాక, ఈ మూడింటికీ కలిపి బోర్డుతో మాట్లాడడానికి రెండే తీగలు. ఒకటి సమాచారానికి, ఒకటి క్లాక్‌కు. ఈ పద్ధతిని ఐ-స్క్వేర్డ్-సి అంటారు. ఫిలిప్స్ కంపెనీ దీన్ని 1982లో రూపొందించింది. ఇది దగ్గరి దూరాలకే తగినది. తీగ పొడవు పెరిగితే సంకేతం మందగిస్తుంది. అందుకే బోర్డును మధ్య గోడకు పెట్టాను.

మా ఊళ్ళో క్వార్టర్లన్నీ ఒకేలా ఉంటాయి. సెక్టారు, స్ట్రీటు, క్వార్టరు నంబరు రాస్తేనే ఉత్తరం చేరుతుంది. ఇక్కడా అంతే. ప్రతి సెన్సారుకూ ఒక అంకె చిరునామాగా ఉంటుంది. బోర్డు ఆ అంకెను పిలుస్తుంది. ఆ అంకె గలది బదులిస్తుంది. మిగిలినవి ఊరుకుంటాయి.

స్విచ్చి వేశాను. తేమ సరిగానే వచ్చింది. ఉష్ణోగ్రత మాత్రం రెండు గదుల్లోనూ 19 డిగ్రీలు! మే నెలలో!

“చూశావా, చల్లగానే ఉంది” అని నాన్న నవ్వారు.

పుస్తకం తిరగేస్తే తప్పు దొరికింది. ఒకే రకం సెన్సార్లు కావడంతో రెండింటి చిరునామా కూడా 118. నాన్నకు చెప్పాను.

“ఒరే, క్రేను కింద ఇద్దరు చేతులూపితే హుక్కు ఎక్కడ దించాలి? సిగ్నలిచ్చేవాడు ఒక్కడే ఉండాలి” అన్నారు.

“మరి ఆపాలంటే?”

“ఆగమని ఎవరు చెయ్యెత్తినా ఆగాల్సిందే.”

అప్పటిదాకా అర్థంకాని పాఠం ఆ మాటతో అర్థమైంది. ఈ తీగలను రెసిస్టర్లు ఎప్పుడూ పై వోల్టేజి వద్ద పట్టి ఉంచుతాయి. అది ఒకటి. పరికరాలు తీగను కిందికి లాగగలవు, అంతే. అది సున్న. ఏ ఒక్కటి లాగినా తీగ సున్నే అవుతుంది. రెండు సెన్సార్లు ఒకేసారి బదులిస్తే, ఒకదాని ఒకట్లను రెండోదాని సున్నలు తుడిచేస్తాయి. మిగిలేది ఎవరి మాటా కాదు. అయితే ఇదే గుణం మేలు కూడా చేస్తుంది. పని పూర్తికాని పరికరం క్లాక్ తీగను కిందికి పట్టి, బోర్డును కాసేపు ఆపగలదు.

బి.ఎం.పి.280లో ఎస్.డి.ఓ. అనే కాలు ఉంది. దాన్ని గ్రౌండుకు కలిపితే చిరునామా 118, 3.3 వోల్టులకు కలిపితే 119. వెనక గది సెన్సారును 119గా మార్చాను.

ముందు గది 35. పడమటి గోడ ఉన్న వెనక గది 39.

నాన్న ఏమీ అనలేదు. కుండనీళ్ళ గ్లాసు తెచ్చి వెనక గది సెన్సారును ఆనించి పెట్టారు. ఆ అంకె ఒక్కటే మెల్లగా దిగింది. రెండోది కదల్లేదు.

“ఇప్పుడు ఎవడి సిగ్నలు వాడిస్తున్నాడు” అన్నారు.

ఆ రాత్రే ఆయన మంచం ముందు గదిలోకి మార్చాం.